ఐఎన్ఆర్ మీటర్ 3.4 అంటోంది, ల్యాబ్ 2.8 అంటోంది. మీటర్ కరెక్టో కాదో తేల్చుకునేదెలా?

టిక్‌టిక్_వాల్వ్:
అందరికీ నమస్తే. నాకు గుండెలో మైట్రల్ కవాటం చోట మెకానికల్ వాల్వ్ వేశారు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నాను. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్ఆర్ అనే నంబరుకి డాక్టర్ గారు పెట్టిన టార్గెట్ 2.5–3.5. ఈమధ్యే ఇంట్లో చూసుకునే ఐఎన్ఆర్ మీటర్ తీసుకున్నాను. పొద్దున వేలు గుచ్చి చూస్తే 3.4. మధ్యాహ్నం ల్యాబ్‌కి వెళ్లి రక్తం ఇస్తే 2.8. అప్పటినుంచి ఒకటే టెన్షన్. మీటర్ పాడైందా? వెనక్కి ఇచ్చేయాలా? అసలు ఇది సరిగ్గా చూపిస్తోందో లేదో మనంతట మనం చెక్ చేసుకునే దారి ఏదైనా ఉందా? షుగర్ మీటర్లకి సరిచూసుకునే కంట్రోల్ సొల్యూషన్ దొరుకుతుంది కదా, దీని డబ్బాలో అలాంటిదేమీ లేదు.

పాతపేషెంట్:
ముందు కంగారు తగ్గించుకోండి. 3.4 అయినా 2.8 అయినా రెండూ మీ టార్గెట్ లోపలే ఉన్నాయి. ఏది చూపించినా డాక్టర్ డోసు మార్చరు. నేనైతే మీటర్ ఎంత చూపిస్తే అందులోంచి 0.5 తీసేసి రాసుకుంటాను. ఏళ్లుగా అలాగే నడుస్తోంది.

నిద్రపట్టదు:
నాదీ ఇదే బాధ. ఫాలో అవుతున్నా.

సెంట్రిఫ్యూజ్:
పాతపేషెంట్ గారి మొదటి మాట బంగారం. 0.5 తీసేయడం సంగతి తర్వాత చూద్దాం.

నేను ల్యాబ్‌లో రక్తం గడ్డకట్టే పరీక్షలు చేసే విభాగంలో ఉంటాను, కాబట్టి మా గుట్టు కూడా కొంచెం విప్పుతాను. అందరూ ల్యాబ్ నంబరుని జడ్జిలా, మీటర్ నంబరుని ముద్దాయిలా చూస్తారు. ల్యాబ్‌లో ఉన్నదీ మెషీనే, దానికీ తేడాలొస్తాయి.

ఐఎన్ఆర్‌కి మూలమైన పీటీ (ప్రోథ్రాంబిన్ టైమ్) పరీక్షని 1935లో ఆర్మండ్ క్విక్ ప్రవేశపెట్టాడు. ప్లాస్మాలో, అంటే కణాలు తీసేసిన రక్తంలో, గడ్డకట్టించే థ్రాంబోప్లాస్టిన్ అనే పదార్థం, కాల్షియం కలిపి ఎన్ని సెకన్లలో గడ్డ కడుతుందో చూడటమే ఆ పరీక్ష. చిక్కంతా ఆ థ్రాంబోప్లాస్టిన్‌తోనే. కుందేలు మెదడు నుంచి తీసిన రీజెంట్ (పరీక్షలో కలిపే పదార్థం) ఒక రకంగా, మనిషి ప్రొటీన్‌ని ల్యాబ్‌లో తయారుచేసి వాడే రీజెంట్ ఇంకో రకంగా స్పందిస్తాయి. ఒకే మనిషి రక్తానికి ఒకచోట 30 సెకన్లు, మరోచోట 19 సెకన్లు రావచ్చు. దీన్ని సర్దడానికే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1983లో ఐఎన్ఆర్ లెక్క తెచ్చింది. పేషెంట్ పీటీని నార్మల్ పీటీతో భాగించి, వచ్చినదాన్ని ఐఎస్ఐ అనే ఘాతానికి పెంచుతారు. ఆ ఐఎస్ఐ ప్రతి రీజెంట్‌కి వేరుగా ఉంటుంది.

నార్మల్ 12 సెకన్లనుకోండి. ఐఎస్ఐ 1 ఉన్న రీజెంట్‌తో 30 సెకన్లు వస్తే ఐఎన్ఆర్ 2.5. ఐఎస్ఐ 2 ఉన్న రీజెంట్‌తో 19 సెకన్లు వచ్చినా ఐఎన్ఆర్ 2.5 దగ్గరే ఉంటుంది. ఇక్కడిదాకా బాగానే ఉంది. ఇప్పుడు రెండు చోట్లా ఒక్క సెకను తేడా కొట్టిందనుకోండి. మొదటి చోట 31 సెకన్లు, ఐఎన్ఆర్ 2.58. రెండో చోట 20 సెకన్లు, ఐఎన్ఆర్ 2.78. అదే ఒక్క సెకను, ఒకచోట కంటికి ఆననంత, ఇంకోచోట పావు పాయింటుకి పైగా. అందుకే ఐఎస్ఐ 1కి దగ్గరగా ఉన్న రీజెంట్ వాడే ల్యాబ్ మేలు. ఆ "నార్మల్ 12" కూడా కనీసం 20 మంది ఆరోగ్యవంతుల రక్తం పరీక్షించి ఎవరికి వారు తేల్చుకోవాల్సిన సంఖ్య. కొన్నిచోట్ల కిట్ మీద అచ్చువేసినదాన్నే ఎత్తి రాసేస్తారు.

ట్యూబ్ సంగతి సరేసరి. నీలం మూత ట్యూబ్‌లో తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు, గడ్డకట్టనివ్వని సిట్రేట్ ఉండాలి. గీత దాకా నింపకపోతే సిట్రేట్ ఎక్కువైపోయి పీటీ సాగుతుంది, ఐఎన్ఆర్ ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. ఈసారి రక్తం తీసేటప్పుడు ఆ గీత వైపు ఒక చూపు వేయండి.

లెక్కలపంతులు:
సెంట్రిఫ్యూజ్ గారూ, మరి మీటర్లకి ఇంత తేడా వరకు ఓకే అని ఎవరో ఒకరు హద్దు పెట్టి ఉండాలి కదా?

సెంట్రిఫ్యూజ్:
పెట్టారు. ఇంట్లో చూసుకునే ఐఎన్ఆర్ మీటర్లకి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన ఐఎస్ఓ 17593 అనే ప్రమాణం ఉంది. దాని 2007 కూర్పు ప్రకారం ఐఎన్ఆర్ 2 కంటే తక్కువ ఉన్నప్పుడు ల్యాబ్ పద్ధతితో తేడా 0.5 లోపు, 2 నుంచి 4.5 మధ్య 30 శాతం లోపు ఉండాలి. అదీ నూటికి తొంభై రీడింగులు. మిగతా పది దాటినా మీటర్ పాసే.

టిక్‌టిక్ గారి తేడా 0.6, అంటే 2.8 మీద 21 శాతం. పాస్.

లెక్కలపంతులు:
పాస్ సరే, ఆ హద్దు ఎంత వదులో చూడండి. అసలు ఐఎన్ఆర్ 2.8 అయితే 30 శాతం కింద 1.96, పైన 3.64. టార్గెట్ 2.5–3.5 ఉన్న మనిషికి 1.96 వస్తే డాక్టర్ మాత్ర పెంచుతారు, 3.64 వస్తే తగ్గించాలా అని ఆలోచిస్తారు. రెండు మీటర్లూ ప్రమాణం ప్రకారం మంచివే, ఇద్దరు పేషెంట్లకి మాత్రం వైద్యం చెరో దిక్కు. కాబట్టి "ఐఎస్ఓ పాసైంది" అన్న ముక్క అమ్మేవాళ్లకి పనికొస్తుందేమో కానీ మనకి చాలదు. మనం అడగాల్సింది, ఈ తేడా వల్ల నా డోసు మారుతుందా లేదా అని.

ఇంకోటి. కొన్ని కంపెనీలు "ల్యాబ్‌తో సహసంబంధం 0.95" అని వేసుకుంటాయి. ప్రతి రీడింగూ ల్యాబ్ కంటే సరిగ్గా ఒక పాయింటు ఎక్కువ చూపించే మీటర్‌కి కూడా సహసంబంధం 1 వస్తుంది! రెండు సంఖ్యలు కలిసి పెరుగుతున్నాయా అన్నది వేరు, రెండూ ఒకటేనా అన్నది వేరు. ఈ విషయం మీద గణాంక నిపుణులు బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లో రాసిన వ్యాసం తర్వాతే పరికరాలు పోల్చేవాళ్లు తేడాలను తేడాలుగా గీసి చూడటం అలవాటు చేసుకున్నారు. ప్రతి జతకీ తేడా ఎంత, ఆ తేడాల సగటు ఎంత, అవి ఎంత చెదిరి ఉన్నాయి. మూడోదే అసలు ముఖ్యం.

పాతపేషెంట్:
మీ ఇద్దరూ కలిసి మనిషిని ఇంకా భయపెడుతున్నారు. ఆయన అడిగింది మీటర్ ఉంచుకోవాలా వద్దా అని.

సెంట్రిఫ్యూజ్:
ఒక్క జత రీడింగులతో ఏ మీటర్‌నీ తీసిపారేయలేం, నెత్తిన పెట్టుకోనూలేం. ఇలా చేయండి. ఎటూ ల్యాబ్‌కి వెళ్లినప్పుడల్లా మీటర్ తీసుకెళ్లండి. చేతి నుంచి రక్తం తీసిన కుర్చీలోనే, వెంటనే వేలు గుచ్చి చూడండి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి కాదు. వార్ఫరిన్‌తో ఆ నాలుగైదు గంటలు పెద్దగా తేడా చేయవు కానీ దాని కోవకే చెందిన అసినోకూమరాల్ వాడేవాళ్లకి చేస్తాయి, దాని ప్రభావం తొందరగా ఎక్కి తొందరగా దిగుతుంది. ప్రతిసారీ అదే ల్యాబ్‌కి వెళ్లండి, లేకపోతే రీజెంట్ తేడాని మీటర్ తేడా అనుకుంటారు. నోట్‌బుక్‌లో తేదీ, రెండు నంబర్లు, స్ట్రిప్ డబ్బా మీది లాట్ (తయారీ బ్యాచ్) నంబర్ రాసుకోండి.

కొన్ని జతలు పోగయ్యాక చూడండి. మీటర్ ఎప్పుడూ ఒకే వైపు, దాదాపు ఒకే మేర తేడా చూపిస్తుంటే అది క్యాలిబ్రేషన్ తేడా, డాక్టర్‌కి చెప్తే దాన్ని లెక్కలో పెట్టుకుంటారు. ఒకసారి పైకి, ఒకసారి కిందికి దూకుతుంటే వేలు గుచ్చే పద్ధతినో, మీ రక్తంలో ఉన్న ఇంకేదైనా విషయాన్నో అనుమానించాలి. అదే వేలు అదే క్షణం అయినా రెండు స్ట్రిప్‌ల మధ్య 0.1, 0.2 తేడా మామూలే, దానికి నిద్ర చెడగొట్టుకోవద్దు.

కంట్రోల్ గురించి అడిగారు. ఆసుపత్రుల్లో వాడే మీటర్లకి ద్రవ రూపంలో కంట్రోల్ ఉంటుంది. ఇంటి మీటర్లలో చాలావాటికి ఆ చెక్ స్ట్రిప్‌లోనే పెట్టేశారు. ఎండకో తేమకో స్ట్రిప్ చెడిపోతే మీటర్ నంబర్ చూపించకుండా ఎర్రర్ చూపిస్తుంది.

అమ్మకోసం:
వేలు గుచ్చే పద్ధతి గురించి నేను చెప్తా. మా అమ్మకి చూసేది నేనే, నర్స్ గారు పక్కన కూర్చుని నేర్పించారు.

చేతులు గోరువెచ్చని నీళ్లతో కడిగి, బాగా తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఉంటే చుక్క పలచబడుతుంది. స్పిరిట్ పెడితే అది కూడా ఆరిపోవాలి. చెయ్యి కాసేపు కిందికి వేలాడదీయాలి. స్ట్రిప్ ముందే మీటర్‌లో పెట్టి, చుక్క వేయమని గుర్తు వచ్చాకే గుచ్చాలి. గుచ్చిన 15 సెకన్లలోపు చుక్క స్ట్రిప్‌కి తగలాలి, మా మీటర్ పుస్తకంలో అలాగే ఉంది. వేలిని గేదె పొదుగులా పిండకూడదు. పిండితే కణజాలం ద్రవం కలుస్తుంది, అందులో గడ్డకట్టించే పదార్థం ఉంటుంది కాబట్టి నంబర్ తప్పుదారి పడుతుంది. చుక్క చాలకపోతే పైన ఇంకో చుక్క వేయొద్దు, ఆ స్ట్రిప్ పోయినట్టే. మళ్లీ చేయాలంటే కొత్త స్ట్రిప్, కొత్త లాన్సెట్, వేరే వేలు. గుచ్చిన చోట అప్పటికే గడ్డకట్టడం మొదలై ఉంటుంది కదా.

అమ్మ చేతులు ఎప్పుడూ చల్లగా ఉంటాయి. మొదట్లో ఎర్రర్లే ఎర్రర్లు. వేడినీళ్ల బాటిల్ పట్టుకోబెట్టి కూర్చోబెట్టడం మొదలుపెట్టాక తగ్గాయి.

నిద్రపట్టదు:
అక్కా, ఆ వేడినీళ్ల బాటిల్ ఐడియాకి థాంక్స్. రేపే చేస్తా.

ఫైన్‌ప్రింట్:
స్ట్రిప్‌లోని చెక్ గురించి ఒక మాట. ఆ చెక్ పట్టుకునేది స్ట్రిప్ చెడిందా లేదా అన్నదే. ఫ్యాక్టరీలో క్యాలిబ్రేషనే పక్కకి పోతే దానికి తెలియదు. 2018లో జరిగింది అదే. రోష్ కంపెనీ తన కోగుచెక్ అనే ఐఎన్ఆర్ మీటర్ స్ట్రిప్‌లను ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల కొత్త రిఫరెన్స్‌కి అనుగుణంగా మళ్లీ క్యాలిబ్రేట్ చేసింది. దాంతో ఐఎన్ఆర్ ఎక్కువగా ఉన్న చోట, 4.5 దాటాక, ల్యాబ్ కంటే బాగా ఎక్కువ చూపించడం మొదలైంది. ఆ ఏడాది నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని అత్యంత తీవ్రమైన తరగతి రీకాల్‌గా ప్రకటించింది. పది లక్షలకు పైగా ప్యాకెట్లు. స్ట్రిప్‌లు పాడవలేదు, మీటర్లు పాడవలేదు, కొలబద్ద మారింది. కంపెనీ పాత రిఫరెన్స్‌కే తిరిగి వెళ్లింది.

అలీర్ కంపెనీ ఐఎన్‌రేషియో మీటర్ది ఇంకో రకం కథ. రక్తహీనత ఉన్నవాళ్లలో, గడ్డకట్టడానికి కావాల్సిన ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ ఎక్కువ ఉన్నవాళ్లలో అది ల్యాబ్ కంటే బాగా తక్కువ చూపించే అవకాశం ఉందని 2014లో హెచ్చరిక వచ్చింది, 2016లో మార్కెట్ నుంచే తీసేశారు. తక్కువ చూపించడం ఇంకా ప్రమాదం. రక్తం చాలినంత పలచబడలేదనుకుని మాత్ర పెంచుతారు, లోపల రక్తస్రావం జరిగేదాకా తెలియదు. విచిత్రం ఏమిటంటే, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మరో మందు రివరోక్సాబాన్‌ని వార్ఫరిన్‌తో పోల్చిన రాకెట్ ఏఎఫ్ అనే పెద్ద ట్రయల్‌లో వార్ఫరిన్ వాళ్ల డోసు సర్దింది ఈ మీటర్‌తోనే. 14 వేల మందికి పైగా పాల్గొన్న అధ్యయనం అది. తర్వాత పెద్ద రగడ జరిగింది. యూరప్ ఔషధ సంస్థ 2016లో మళ్లీ పరిశీలించి, ట్రయల్ ముగింపు మారదని తేల్చింది.

నాకు ఇందులో కనిపించేది ఒక్కటే. కంపెనీ బయటపెట్టేదాకా ఇంట్లో కూర్చున్న మనిషికి తెలిసే మార్గం, సెంట్రిఫ్యూజ్ గారు చెప్పిన నోట్‌బుక్ తప్ప ఇంకోటి లేదు.

అమ్మకోసం:
రక్తహీనత అన్నారు కదా, అమ్మకి హిమోగ్లోబిన్ 8 చుట్టూ ఉంటుంది. ఇప్పుడు భయమేస్తోంది. మా మీటర్ వేరే కంపెనీదే.

సెంట్రిఫ్యూజ్:
అమ్మకోసం గారూ, డబ్బాలో వచ్చిన కాగితంలో హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) పరిధి అని ఉంటుంది, చూడండి. ఉదాహరణకి కోగుచెక్ ఎక్స్ఎస్‌కి అది 25 నుంచి 55 శాతం. హిమోగ్లోబిన్‌ని మూడుతో హెచ్చిస్తే హిమటోక్రిట్ ఉజ్జాయింపుగా వస్తుంది. 8 అంటే 24, అంటే ఆ హద్దుకి కాస్త కిందే ఉన్నారు. మీ మీటర్ పరిధి ఎంతో చూసి, డాక్టర్‌కి చెప్పండి. రక్తహీనత సర్దుకునేదాకా చేతి నుంచి తీసిన రక్తంతోనే చూపించమనవచ్చు.

రక్తం తేలిగ్గా గడ్డకట్టే యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అనే జబ్బు ఉన్నవాళ్లు కూడా ఈ మీటర్లని గుడ్డిగా నమ్మకూడదు. వాళ్ల రక్తంలోని యాంటీబాడీలు స్ట్రిప్‌లోని రసాయనాలకే అడ్డుపడి ఐఎన్ఆర్ లేనిపోని ఎక్కువ చూపించవచ్చు. అలాంటివాళ్లకి క్రోమోజెనిక్ ఫ్యాక్టర్ 10 అని వేరే పరీక్ష చేస్తారు.

చిక్కటిరక్తం:
నాకు హిమోగ్లోబిన్ 18.5, పాలీసైథీమియా (ఎర్రకణాలు మరీ ఎక్కువ కావడం) అన్నారు. రక్తం చిక్కగా ఉందని ఈ మీటర్‌లో తెలుస్తుందా?

సెంట్రిఫ్యూజ్:
తెలియదండీ. ఇది గడ్డకట్టే వేగాన్ని చూస్తుంది. వార్ఫరిన్ వేసుకున్నా రక్తం నీళ్లలా పలచనైపోదు, గడ్డకట్టడం నెమ్మదిస్తుంది, అంతే. మీకు చూడాల్సింది హిమటోక్రిట్. నిజంగా చిక్కదనం కొలవాలంటే విస్కోమీటర్ అని వేరే పరికరం ఉంది. దాన్ని సరిచూడటం ఒక రకంగా తేలిక, 20 డిగ్రీల దగ్గర శుభ్రమైన నీళ్లు పెడితే దాదాపు 1 మిల్లీపాస్కల్ సెకను చూపించాలి. అయితే రక్తం నీళ్లలా ఒకే తీరుగా ఉండదు, ఎంత వేగంగా కదిలిస్తే అంత పలచగా పారుతుంది. అందుకే ఏ వేగంలో, ఏ ఉష్ణోగ్రతలో కొలిచారో రాయకుండా చిక్కదనం ఇంత అని ఇచ్చిన రిపోర్టుకి విలువ తక్కువ. మీ హిమటోక్రిట్ 55 దాటితే మాత్రం సిట్రేట్ ట్యూబ్‌లో లెక్క తప్పుతుంది, ల్యాబ్‌కి ముందే చెప్పండి.

కొత్తసభ్యుడు_09:
మా నాన్నగారు రక్తం గడ్డకట్టకుండా అపిక్సాబాన్ వాడుతున్నారు. పక్కింటివాళ్ల మీటర్‌తో చూస్తే 1.3 వచ్చింది. డోసు చాలడం లేదా?

నిర్వాహకులు:
కొత్తసభ్యుడు గారూ, అపిక్సాబాన్, రివరోక్సాబాన్, డాబిగట్రాన్ వాడేవాళ్లకి ఐఎన్ఆర్ మీటర్ పనికిరాదు. ఆ మందులకి ఐఎన్ఆర్ టార్గెట్ అనేదే లేదు. దయచేసి ఆ 1.3 చూసి మాత్ర పెంచొద్దు, డాక్టర్‌తో మాట్లాడండి. ఈ చర్చ వార్ఫరిన్, అసినోకూమరాల్ వాడేవాళ్లకే.

టిక్‌టిక్_వాల్వ్:
అందరికీ థాంక్స్. కొంతకాలంగా సెంట్రిఫ్యూజ్ గారు చెప్పినట్టే చేస్తున్నాను, ల్యాబ్ కుర్చీలోనే, ఒకే లాట్ స్ట్రిప్‌లతో. నోట్‌బుక్‌లో ఉన్నది ఇది, ముందు మీటర్, తర్వాత ల్యాబ్:

2.9 – 2.7
3.3 – 3.0
2.4 – 2.3
4.6 – 3.9

చివరిది జ్వరం వచ్చి యాంటీబయాటిక్ వాడినప్పుడు. 4.6 చూడగానే ఒళ్లు చల్లబడింది. అదేరోజు ల్యాబ్‌కి వెళ్లి, ఫోన్ చేస్తే డాక్టర్ గారు ఒక డోసు ఆపమన్నారు.

లెక్కలపంతులు:
చక్కటి పని చేశారు. తేడాలు 0.2, 0.3, 0.1, 0.7. అన్నీ ఒకే వైపు, మీటరే ఎక్కువ. కానీ స్థిరంగా లేవు, ఐఎన్ఆర్ పెరిగేకొద్దీ తేడా పెరుగుతోంది. శాతాల్లో వేస్తే 7, 10, 4, 18. అంటే మీ టార్గెట్ లోపల మీటర్ బాగానే ఉంది, పైకి పోతే సాగుతోంది.

పాతపేషెంట్ గారి 0.5 సూత్రం దీనిమీద పెట్టి చూడండి. 2.4 లోంచి 0.5 తీస్తే 1.9. అసలుది 2.3. మైట్రల్ మెకానికల్ వాల్వ్ ఉన్న మనిషికి 1.9 అని రాసి పంపిస్తే డాక్టర్ ఉలిక్కిపడతారు, మాత్ర కూడా కాస్త గట్టిగానే పెంచుతారు. 4.6 దగ్గర తీస్తే 4.1, అది నయమే అయినా ఇంకా ఎక్కువే.

పాతపేషెంట్:
నా మీటర్ వేరు, నా టార్గెట్ వేరు, నా డాక్టర్ చూసే సరేనన్నారు. అందరికీ అదే చేయమని నేను అనలేదు.

సెంట్రిఫ్యూజ్:
మీ డాక్టర్ మీ రీడింగులు చూసి చెప్పి ఉంటే అది మీకు సరిపోతుంది గారూ. చదివేవాళ్లు దాన్ని అందరి సూత్రం అనుకోకూడదనే మా గోల.

టిక్‌టిక్ గారూ, పైన సాగడం మీ ఒక్కరి మీటర్‌లో ఉన్న జబ్బు కాదు, ఈ రకం పరికరాల్లో తరచూ కనిపించేదే. అందుకే చాలా క్లినిక్‌లు మీటర్ 4.5 నుంచి 5 మధ్య ఎక్కడో ఒక గీత పెట్టుకుని, అది దాటితే చేతి నుంచి రక్తం తీసి ఖాయం చేసుకుంటాయి. మీ డాక్టర్‌ని మీ గీత ఎక్కడో అడిగి మీటర్ మూత మీద రాసి అంటించుకోండి. కింది గీత కూడా అడగండి. వాల్వ్ ఉన్నవాళ్లకి తక్కువ చూపిస్తే "మీటర్ తప్పేమోలే" అని వదిలేయడం ఎక్కువ ప్రమాదం. ఎక్కడైనా రక్తం కారడం, నల్లటి విరేచనం, ఉన్నట్టుండి మాట తడబడటం, చెయ్యో కాలో పడిపోవడం లాంటివి ఉంటే నంబరుతో పనిలేదు, మీటర్ పక్కన పెట్టి ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే.

టిక్‌టిక్_వాల్వ్:
అడుగుతాను. ఇంకొక్క సందేహం. స్ట్రిప్‌లు అయిపోవస్తున్నాయి. కొత్త డబ్బా వస్తే ఈ లెక్కంతా మళ్లీ మొదటినుంచా?

సెంట్రిఫ్యూజ్:
మొదటినుంచి అక్కర్లేదు. పాత డబ్బాలో ఒక్క స్ట్రిప్ మిగల్చండి, గడువు తేదీ దాటకుండా చూసుకోండి. కొత్త డబ్బా రాగానే ఒకే పూట పాతదొకటి, కొత్తదొకటి, చెరో వేలితో చేయండి. కొత్త డబ్బాతో కోడ్ చిప్ వస్తే దాన్ని మార్చడం మర్చిపోవద్దు, పాత స్ట్రిప్‌కి పాత చిప్, కొత్తదానికి కొత్తది. రెండిటి మధ్య 0.2, 0.3 వస్తే వదిలేయండి. అంతకంటే ఎక్కువైతే ఈసారి ల్యాబ్‌కి వెళ్లేటప్పుడు కొత్త స్ట్రిప్‌తో జత చేసి చూడండి. డబ్బా మూత మాత్రం స్ట్రిప్ తీయగానే బిగించేయండి.

నిద్రపట్టదు:
లాట్ నంబర్ డబ్బా మీద ఎక్కడుంటుంది అన్నా? నా డబ్బా మీద రెండు నంబర్లున్నాయి.

అమ్మకోసం:
ఎల్‌ఓటీ అనే మూడు ఇంగ్లీషు అక్షరాల పక్కన ఉన్నది లాట్ నంబర్. ఇసుక గడియారం బొమ్మ పక్కన ఉన్నది గడువు తేదీ.